పదహారు పూలబంతుల్లో తొమ్మిది ఎందుకు విచ్చుకుపోయాయి: విజయనగరంలో ఒక కుసుదామా పని

ముందే లెక్క చెప్పేస్తాను. 2024లో మా ఊరి అమ్మవారి జాతర సిరిమానోత్సవానికి మా వీధిలో ఒక ఇంటి కోసం 16 కాగితం పూలబంతులు చేశాను. వేలాడదీయాల్సిన రోజు పొద్దున కవర్లు విప్పి చూస్తే 9 బంతుల్లో రేకులు విచ్చుకుపోయి ఉన్నాయి. వాటిలో 6 నిలబెట్టగలిగాను, 3 పోయాయి. మిగిలిన 7 బంతుల్లో ఒక్క రేకు కూడా కదల్లేదు. అదే కాగితం, అదే జిగురు, అవే చేతులు. చూసినవాళ్ళందరూ తప్పు జిగురు మీదకి తోసేశారు. మొదటి రోజు నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత ఊడినవి విడదీసి, లెక్కపెట్టి, మళ్ళీ చేసి చూశాక అసలు సంగతి తెలిసింది. తెలిశాక కాస్త సిగ్గేసింది కూడా. ఎందుకంటే అది నేను ఉద్యోగంలో రోజూ కళ్ళారా చూసినదే.

నేను జిల్లాలోని ఒక జూట్ మిల్లులో 22 ఏళ్ళు నార సిద్ధం చేసే బ్యాచింగ్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఈ మడతలు నేర్పింది మా చిన్నమ్మాయి. కరోనా రోజుల్లో ఇంట్లో ఊరికే కూర్చోలేక గదులు కొలుస్తూ తిరుగుతుంటే, ఒక రేకు మడిచి చూపించి, "నాన్నా, ఇలాంటివి అరవై చెయ్యాలి, చెయ్యగలవా?" అంది. మిల్లులో పనిచేసినవాడికి ఒకే పని అరవైసార్లు చెయ్యమంటే భయమెందుకు? మొదటి బంతికి నాలుగు రోజులు పట్టింది. ఇప్పుడు ఒక్క రోజు చాలు. మా ఆవిడ మాత్రం ఇప్పటికీ, "బజార్లో బంతిపూలు దొరకవా ఏటి, కాయితాల్తో కడతన్నారు?" అంటుంది.

ఈ బంతిని జపాన్‌లో కుసుదామా అంటారు. కుసురి అంటే మందు, తామా అంటే బంతి. పూర్వం సుగంధ ద్రవ్యాలు, మూలికలు, పువ్వులు కలిపి బంతిలా కట్టి, రోగాలు రాకుండా ఇంట్లో వేలాడదీసేవారట. ఆ పేరే తర్వాత కాగితం బంతులకూ వచ్చింది. ఇవి రకరకాలు. జిగురు లేకుండా ఒక ముక్కలోకి ఇంకో ముక్క దూర్చి నిలబెట్టేవి కొన్ని, దారంతో కుట్టేవి కొన్ని, అంటించేవి కొన్ని. నేను చేసేది అంటించే పూలబంతి. అయిదు రేకులు ఒక పువ్వు, పన్నెండు పువ్వులు ఒక బంతి.

పని ఎలా వచ్చిందంటే

మా వీధి చివర, కోటకి వెళ్ళే దారిలో ఒక పెద్దావిడ ఉన్నారు. వీధిలో అందరం పిన్నిగారు అంటాం. పూజారిని కొన మీద కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, సిరిమాను, కదిలే దారి ఆవిడ వరండాలోంచి కనిపిస్తుంది. విజయనగరంలో అలాంటి ఇల్లు ఉంటే పండక్కి చుట్టాలను పిలవక్కర్లేదు, వాళ్ళే వస్తారు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. దానికి ముందు రోజు, సోమవారం, తోలేళ్ళ సంబరం. 2024లో దసరా అక్టోబరు 12 శనివారం వచ్చింది, కాబట్టి తోలేళ్ళు 14న, సిరిమాను 15న. సెప్టెంబరు ఆఖరి వారంలో పిన్నిగారు మా ఇంటికి వచ్చినప్పుడు కిటికీకి వేలాడుతున్న పసుపు బంతిని చేత్తో తిప్పి చూశారు.

"ఏటి బాబూ, ఇది కాయితమేనా?"

మందుల బంతి కథ చెప్పాను. "అంటే మన గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టుకున్నట్టేనన్నమాట" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. వరండా దూలానికి 11, హాల్లో 5 కావాలన్నారు. సరిసంఖ్య ఆవిడకి పనికిరాదు. గుమ్మానికి ఎలాగూ మామిడాకులు ఉంటాయి, వీటి మీద మాత్రం పసుపు, ఎరుపు తప్ప వేరే రంగు వద్దన్నారు. డబ్బు తీసుకోనని చెప్పాను. కాగితం, జిగురు, దారం ఖర్చు ఆవిడది. అన్నీ కలిపి 600 రూపాయలు దాటలేదు.

కాగితం, కొలత

రంగు కాగితం అనగానే అందరూ ముందు గ్లేజు కాగితం వైపే చూస్తారు. వినాయక చవితి పందిళ్ళకి కట్టే జెండాల కాగితం. చూడ్డానికి మెరుపుగానే ఉంటుంది, కానీ రంగు ఒక పక్కనే ఉంటుంది. మడిచిన చోట పై పూత పగిలి తెల్ల గీత పడుతుంది. ఒక్క రేకులో ఎన్ని మడతలో లెక్కేస్తే ఆ తెల్ల గీతలే పువ్వుకంటే ముందు కనిపిస్తాయి. చార్టు మందం, మడత మీద మడత పడితే కూర్చోదు. క్రేప్ కాగితం సాగిపోతుంది, చేత్తో తిప్పి చేసే పూలకి మంచిదే గానీ దీనికి కాదు. చివరికి నేను వాడేది జిరాక్స్ మిషన్లో పెట్టుకునే ఎ4 రంగు షీట్లు, 80 జి.ఎస్.ఎం., అంటే చదరపు మీటరుకి 80 గ్రాముల బరువు. రంగు లోపలిదాకా ఉంటుంది, గోరుతో రుద్దితే మడత గీతలా నిలబడుతుంది. గంటస్తంభం దగ్గర స్టేషనరీ షాపులో ఎరుపూ పసుపూ దొరికాయి.

ఎ4 షీటు 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 పొడవు. 70 మిల్లీమీటర్ల చదరాలు కోస్తే అడ్డంగా మూడు, నిలువునా నాలుగు, మొత్తం 12. చివర 17 మిల్లీమీటర్ల పట్టీ ఒకటి మిగులుతుంది. అంటే ఒక బంతికి సరిగ్గా 5 షీట్లు. ఎక్కువా లేదు, తక్కువా లేదు. మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. 16 బంతులకి 80 షీట్లు, 960 చదరాలు, 192 పువ్వులు. మిగిలిన పట్టీలను పిన్నిగారి మనవలు గొలుసులు చేసుకున్నారు. 70 మిల్లీమీటర్ల చదరంతో చేసిన బంతి అడ్డంగా 10, 11 సెంటీమీటర్లు వస్తుంది. పెద్ద దబ్బకాయంత.

కోత దగ్గర తొందరపడకూడదు. చదరం ఒక మిల్లీమీటరు పక్కకి వెళ్తే ఆ తేడా మడత మడతకీ పెరుగుతూ పోతుంది. కత్తెరతో కాదు, స్టీలు స్కేలు పెట్టి కట్టర్‌తో కోస్తాను, ఒక్కోసారి నాలుగు షీట్లకి మించి పెట్టను. పది పెడితే అడుగు షీటు జరుగుతుంది.

మడత ఇలా. చదరాన్ని మూలకి మూల కలిపి త్రికోణం చేయాలి. కింది రెండు మూలల్నీ పై కొనకి తేవాలి. ఇప్పుడు చిన్న చదరం, దాని మీద రెండు చెవులు. ఒక్కో చెవినీ బయటి అంచుకి ఆనేలా వెనక్కి మడిచి, గీత పడ్డాక తెరిచి, వేలు లోపలికి పెట్టి చదును చేస్తే గాలిపటం ఆకారం వస్తుంది. అంచు దాటిన ముక్కును లోపలికి మడిచి, ఆ గాలిపటాన్ని మధ్య గీత దగ్గర సగానికి మడవాలి. రెండు పక్కలా ఇలా అయ్యాక, ఆ రెండు చెవుల బయటి ముఖాలనీ ఒకదానికొకటి అంటిస్తే రేకు గొట్టంలా ముడుచుకుంటుంది. మడతల్లో లోపలి వైపు పడ్డ భాగాలు కేసరాల్లా కనిపిస్తాయి. చదివితే గజిబిజిగానే ఉంటుంది. పది చేస్తే చెయ్యే చేసుకుపోతుంది.

ఈ చెవుల అంటింపును సొంత అతుకు అంటాను, ఇకముందు దీని గురించే ఎక్కువ మాట్లాడాలి. తర్వాత అయిదు రేకుల్ని పక్క పక్కన అంటిస్తే పువ్వు. ఆరు పువ్వులు, మధ్యలో ఒకటీ చుట్టూ అయిదూ, సగం బంతి. రెండు సగాలూ కలిపే ముందు మధ్యలో దారం పెట్టి, కింద పూస ముడి వేస్తాను. పన్నెండూ అయిదూ అని ఎవరో ముచ్చటపడి పెట్టిన లెక్క కాదు. అయిదు భుజాల ముఖాలు పన్నెండు కలిస్తేనే ఖాళీ లేకుండా బంతి మూసుకుంటుంది. మూడేసి పువ్వులు ఒక్కో చోట కలుస్తాయి. ఒక పువ్వులో రేకు పక్కకి ఒరిగిందంటే ఆ మూడింటి సందులో ఖాళీ కనిపిస్తుంది.

తప్పు జరిగిన రెండు వారాలు

సెప్టెంబరు 28న కోత మొదలుపెట్టాను. గంటకి నలభై రేకులు మడవగలను. అంటే మడతలకే 24 గంటలు. రోజుకి రెండున్నర గంటల లెక్కన పది రోజుల్లో అయిపోయింది. ఇంతవరకూ బానే ఉంది. మడతలూ అంటింపూ పక్కపక్కనే నడిపి, అక్టోబరు 7 నాటికి 7 బంతులు పూర్తి చేశాను. అప్పటికి తొందరేమీ లేదు గనక జిగురు టూత్‌పిక్ కొనతో అద్ది, ప్రతి రేకుకీ జెమ్ క్లిప్పు పెట్టి, ఒక పూట వదిలేసి, తర్వాతే పువ్వు కట్టాను. ఆ ఏడింటినీ వెదురు బుట్టలో పాత పంచె పరిచి, బీరువా మీద పెట్టాను.

తర్వాత ఇంట్లో పండగ పనులు వచ్చిపడ్డాయి. రెండు రోజులు చెయ్యి పెట్టలేదు. మిగిలిన తొమ్మిదీ 10, 11, 12 తేదీల్లో రాత్రిళ్ళు కూర్చుని చేశాను. టూత్‌పిక్ పక్కన పడేసి, జిగురు డబ్బా మూతినే రేకు మీద పెట్టి నొక్కాను. క్లిప్పులు చాలక, వేళ్ళతో ముప్పై లెక్కపెట్టి వదిలేశాను. ముందు రోజు రాత్రి కట్టిన పువ్వుల్ని మర్నాడే బంతి చేశాను. దసరా రాత్రి ఆఖరి బంతి పూర్తయింది. బయట చినుకులు. తడి తగలకూడదని, దుప్పట్లు కొన్నప్పుడు వచ్చే పెద్ద ప్లాస్టిక్ కవర్లు రెండు తీసి, ఒకదానిలో అయిదు, ఇంకోదానిలో నాలుగు పెట్టి, మూతి బిగించి కట్టేశాను. జాగ్రత్త చేశాననుకుని నిద్రపోయాను.

14వ తేదీ సోమవారం పొద్దున, అంటే కట్టి 36 గంటలు దాటాక, పిన్నిగారి వరండాలో కవర్లు విప్పాను. కవరు లోపలి గోడ చేతికి చెమ్మగా తగిలింది. పై బంతి చూడగానే మాట పడిపోయింది. రేకులు గొట్టాల్లా ఉండాల్సింది, చేటల్లా తెరుచుకున్నాయి. అడుగున ఉన్న రెండు బంతులు ఒక పక్క అణిగిపోయాయి. పిన్నిగారు నా ముఖం చూసి, "పోన్లే బాబూ, నిన్న మొగ్గలు, ఇవాళ విచ్చుకున్నాయి" అన్నారు. ఆవిడ మంచితనం అలాంటిది. నా టెన్షన్ నాది. మర్నాడు సిరిమాను. చుట్టాలు అప్పటికే దిగారు.

ఆ రోజు చేసిన మరమ్మతు

మొదటి బంతిని పాడుచేసింది నేనే. విచ్చుకున్న చోటల్లా ఇంకాస్త జిగురు పెట్టి నొక్కాను. రెండు నిమిషాల్లో రేకు మెత్తబడి వేలికి అంటుకుని ఊడొచ్చింది. తెల్ల జిగురులో నీళ్ళు చాలానే ఉంటాయి. ఆ నీళ్ళు పోతేనే అది గట్టిపడుతుంది. అప్పటికే చెమ్మ పట్టిన కాగితం మీద ఇంకో చుక్క పెడితే నీళ్ళు ఎటు పోతాయి? కాగితంలోకే. ఆ బంతిని పక్కన పెట్టేశాను. అడుగున అణిగిన రెండింటిలో మడతలే చెరిగిపోయాయి, వాటితోనూ లాభం లేదు. పోయిన మూడూ ఇవే.

మిగిలిన ఆరింటినీ అసలు ముట్టుకోకుండా దారాలతో వేలాడదీసి, హాల్లో ఫ్యాను కింద రెండు గంటలు వదిలేశాను. పిన్నిగారి పెద్ద మనవరాలు, హైదరాబాదులో చదువుతోంది, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ తెచ్చింది. మొదట దగ్గరగా పెట్టింది, రేకు కొన వంకర తిరిగింది. మూరెడు దూరంలో, తక్కువ వేడి మీద పెట్టమన్నాను. కాగితం మళ్ళీ గరగరలాడే దాకా ఆగాం. అప్పుడు విచ్చుకున్న ప్రతి రేకునీ పాత గీతల మీదే మళ్ళీ గోరుతో రుద్ది, టూత్‌పిక్ కొనకి అంటుకున్నంత జిగురు పెట్టి, క్లిప్పు పెట్టాను. క్లిప్పులు చాలకపోతే బట్టల క్లిప్పులు వచ్చాయి, కానీ వాటి పన్ను అచ్చు పడుతుంది, మధ్యలో మడిచిన కాగితం ముక్క పెట్టాలి. ఇంట్లో పిల్లలు నలుగురూ చేరారు. సాయంత్రం నాలుగింటికి మొత్తం 13 బంతులు చేతికొచ్చాయి.

పదమూడుని రెండుగా పంచితే ఒకటి సరి, ఒకటి బేసి. పిన్నిగారు ఒప్పుకోలేదు. వరండాకి 9, హాల్లో 3, మిగిలినదాన్ని చంటి మనవరాలి చేతికి ఇచ్చేశారు. ఆ ఒకటి గంటలో ముక్కలైంది. దాన్ని నా లెక్కలో వైఫల్యంగా వేసుకోను.

మర్నాడు ఊరేగింపులో పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల, వాటి వెనక సిరిమాను. జనం అరటిపళ్ళు విసురుతుంటే ఒకటి దారితప్పి వరండాలోకి వచ్చి నాలుగో బంతికి తగిలింది. బంతి గిర్రున తిరిగింది. రేకు ఊడలేదు. నేను అమ్మవారికి దణ్ణం పెట్టడం మానేసి బంతినే చూస్తున్నానని మా ఆవిడ తర్వాత దెప్పింది.

విడదీసి చూస్తే

పోయిన మూడింటినీ ఇంటికి తెచ్చుకుని టేబులు మీద రేకు రేకూ విప్పాను. బాగుచేసిన ఆరింట్లో ఎక్కడెక్కడ ఊడాయో ఆ రోజే చీటీ మీద గీతలు గీసుకున్నాను. తొమ్మిది బంతుల్లో కలిపి పూర్తిగా ఊడిన రేకులు 61. వాటిలో 52 సొంత అతుకు దగ్గరే ఊడాయి. రేకుకీ రేకుకీ మధ్య అతుకు ఊడినవి 9 మాత్రమే. రెండు సగాల మధ్య అతుకు ఒక్కచోట కూడా ఊడలేదు.

జిగురే చెడ్డదైతే అన్ని అతుకులూ ఒకేలా ఊడాలి కదా. సొంత అతుకే ఎందుకు ఊడింది? అక్కడే కాగితం వెనక్కి తన్నుతుంది. చదునుగా ఉండాల్సిన కాగితాన్ని గొట్టంలా చుట్టి, సన్నటి చోట పట్టుకోమంటున్నాం. మిగతా అతుకుల్లో ముఖానికి ముఖం ఆనుకుంటుంది, లాగే బలం తక్కువ. కాబట్టి జిగురు ఇంకా ఆరకపోతే ముందు తెరుచుకునేది సొంత అతుకే.

సరే, ఆరకపోవడానికి కారణం ఎక్కువ పెట్టడమా, కవర్లో బిగించడమా? ఆ తొమ్మిదింటికీ రెండు తప్పులూ కలిసే జరిగాయి. ఏది ఎంతో తేల్చాలంటే విడివిడిగా చెయ్యాలి. వాతావరణం మారకముందే, అదే నెలాఖరులో, ఇంకో బంతికి సరిపడే అయిదు షీట్లు కోసి, పది పువ్వులు చేశాను. రెండేసి చొప్పున అయిదు జతలు, జతకి పది రేకులు.

మొదటి జత, జిగురు దండిగా పెట్టి, రెండు గంటల్లోనే కవర్లో కట్టేశాను. రెండో జత, జిగురు పల్చగా, అదీ వెంటనే కవర్లో. మూడో జత దండిగా, కానీ వెదురు బుట్టలో తెరిచి. నాలుగోది పల్చగా, బుట్టలో. అయిదో జతకి జిగురు దండిగానే పెట్టి, రెండు రోజులు బుట్టలో ఆరనిచ్చి, ఆ తర్వాత కవర్లో కట్టాను. అన్నిటినీ 36 గంటలకి తీశాను.

మొదటి జతలో పదికి 6 రేకులు ఊడాయి. రెండో జతలో 2. మూడో జతలో ఒక్కటీ లేదు, కాకపోతే జిగురు ఆరిన చోట కాగితం ముడతపడి గట్టి మచ్చలు వచ్చాయి, చూపుకి బాగాలేదు. నాలుగో జత చక్కగా ఉంది. అయిదో జతలోనూ ఒక్కటీ ఊడలేదు.

యాభై రేకుల పరీక్ష చిన్నదే. అయినా నాకు దారి కనిపించింది. జిగురు ఎక్కువైతే అందం పోతుంది, బంతి మాత్రం విచ్చుకోదు. విచ్చుకునేది ఆరకముందు గాలి ఆడకుండా మూసేస్తే. జిగురు ఎక్కువైతే ఆ నష్టం ఇంకా పెరుగుతుంది. వానకి తడవకూడదని బయటి చెమ్మకి తలుపు వేశాను, కానీ జిగురులోని చెమ్మ లోపలే ఉండిపోయింది.

ఇక సిగ్గుపడ్డ సంగతి. జూట్ మిల్లులో నార బిరుసుగా వస్తుంది, అలాగే నారను దువ్వే కార్డింగ్ మిషన్లో పెడితే తెగిపోతుంది. అందుకని నూనే నీళ్ళూ కలిపిన ఎమల్షన్ దాని మీద చల్లి, కుప్పగా పేర్చి, కప్పి, ఒకటి రెండు రోజులు వదిలేస్తాం. దాన్ని పైలింగ్ అంటాం. కుప్ప లోపల చెమ్మ బయటికి పోలేదు, కాస్త వేడెక్కుతుంది, నార మెత్తబడుతుంది. తీశాక వంచినట్టు వంగుతుంది. ఆ కుప్పల మీద చెయ్యి పెట్టి సరిపోయిందో లేదో చెప్పడం నా ఉద్యోగం. కాగితం కూడా నారే, చెట్టుది. తడిపి, కుప్పగా పెట్టి, మూసి, 36 గంటలు. నారను మెత్తబరిచే పద్ధతినే పొల్లుపోకుండా పూలబంతులకి చేశాను. మిల్లులో అది పని, ఇంట్లో అది పాడు. మా అమ్మాయికి ఫోన్లో చెబితే పావుగంట నవ్వింది.

ఇప్పుడు చేస్తున్న తీరు

2025 సంక్రాంతికి మా చెల్లెలి ఇంటికి 5 బంతులు చేశాను, శ్రీకాకుళం పంపాలి. మడతల్లో ఏమీ మార్చలేదు, ఆరబెట్టే తీరు మార్చాను. రేకు సొంత అతుకు అంటించాక రాత్రంతా క్లిప్పుతోనే ఉంచుతాను. దాని కోసం జెమ్ క్లిప్పుల డబ్బాలు ఇంకో రెండు కొన్నాను. పువ్వు కట్టాక ఇంకో రోజు. బంతి కలిపాక కనీసం రెండు రోజులు దారంతో వేలాడుతూ ఉండాలి, ఎక్కడా ఆనకూడదు. మబ్బు పట్టిన రోజు అంటింపు పెట్టుకోను, ఆ రోజు కోతా మడతలే. జిగురు మూతితో ఎప్పుడూ పెట్టను, చిన్న మూతలో ఒలకబోసుకుని టూత్‌పిక్‌తోనే. పిండితే బయటికి పొంగి వస్తే ఎక్కువైనట్టు.

పంపడానికి అట్టపెట్టె. గోడలకి నాలుగు చిల్లులు. బంతుల్ని ఒకదాని మీద ఒకటి పెట్టకుండా, పెట్టె పైనుంచి పుల్ల అడ్డంగా గుచ్చి, దానికి దారాలు కట్టి వేలాడదీశాను. ఆర్టీసీ బస్సులో మా బావమరిది ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాడు. అయిదూ క్షేమంగా చేరాయి. పెట్టె మాత్రం బస్సులో అందరూ ఏమిటేమిటని అడిగారట, పిట్టలు ఉన్నాయనుకుని.

ఆ మధ్య జిగురు అక్కర్లేని, సోనోబే అనే మడత ముక్కలతోనూ బంతి చేసి చూశాను. 30 ముక్కలు, ఒకదాని జేబులో ఇంకోదాని చెవి దూరుస్తూ పోవడమే. అదే ప్లాస్టిక్ కవర్లో 36 గంటలు పెట్టినా ఆకారం పోలేదు, ప్రతి ముక్కనీ పక్కది పట్టుకుంటుంది గనక. వానాకాలం పనికి అది మంచిది. కానీ అది ముక్కులు తేలిన బంతి, పువ్వు కాదు. పిన్నిగారికి చూపిస్తే, "ఇది రేగుకంపలా ఉంది బాబూ" అన్నారు.

వరండాలోని తొమ్మిదీ కార్తీకం దాటాక కూడా వేలాడాయి. జనవరి చివర్లో నిచ్చెన వేసి చూశాను. ఒక బంతిలో రెండు రేకులు కొంచెం తెరుచుకున్నాయి, అది బాగుచేసిన ఆరింట్లో ఒకటి. బుట్టలో ఆరినవాటిలో ఏ మార్పూ లేదు. వీధి వైపున్న ఎరుపు బంతులు ఎండకి వెలిసి ఇటుక రంగుకి వచ్చాయి, పసుపు నిలిచింది. దుమ్ము మాత్రం అన్నిటి మీదా సమానంగా ఉంది. మెత్తటి బ్రష్‌తో దులిపి వచ్చాను. దిగుతుంటే పిన్నిగారు కాఫీ గ్లాసు చేతికిస్తూ, వచ్చే సిరిమానుకి ఇరవై ఒకటి కావాలన్నారు. వినాయక చవితికే కోత మొదలుపెడతానని చెప్పాను.